డ్వొర్జాక్ ‘కావ్యచిత్రాలు’, మరుగున పడిన మరికొన్ని పియానో మాలికలు: ఎలా వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు అడిగిన ప్రశ్నల సారాంశం ఇది. నార్వే పియానిస్టు లైఫ్ ఊవె ఆన్‌స్నెస్ 2022లో సోనీ క్లాసికల్ ద్వారా విడుదల చేసిన, చెక్ స్వరకర్త డ్వొర్జాక్ పియానో రచన ‘కావ్యచిత్రాలు’ (ఓపస్ 85, అంటే ఆయన రచనల్లో 85వ సంఖ్యగా అచ్చయినది) రికార్డింగును చాలామంది మెచ్చుకుంటున్నారని విని, అందులోని రచనలను తోచిన వరుసలో నాలుగైదు విన్నారు. అవి శ్రావ్యంగానే ఉన్నా మామూలుగా అనిపించాయి. ఇంతకాలం వీటిని ఎవరూ వాయించకపోవడానికి వీటిలోని లోపమే కారణమా, ఇలాంటివి ఇంకేమేమి ఉన్నాయి, పియానో పరీక్షల్లో ఆరో గ్రేడు దాటిన విద్యార్థి వీటిలో వేటిని వాయించవచ్చు అన్నవి మీ సందేహాలు. పాతికేళ్లకు పైగా పియానో నేర్పుతూ ఈ రకం సంగీతాన్ని ఇష్టంగా వెతికి విన్న అనుభవంతో జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మీరు విన్నది ఆ రచనను కాదు, దానిలోని తునకలను మాత్రమే. ఇంగ్లీషులో సైకిల్ అనే ఈ ప్రక్రియను నేను నా విద్యార్థులకు ‘మాలిక’ అని చెబుతాను, ఎందుకంటే రాగమాలిక విన్నవారికి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. శతకంలోని పద్యాలను ఏ వరుసలో చదివినా మకుటం వాటిని కలిపి ఉంచుతుంది కనుక నష్టం లేదు. రాగమాలికలో మాత్రం ఒక రాగం విడిచి మరొక రాగంలోకి అడుగుపెట్టే క్షణంలోనే అందం ఉంటుంది. జర్మన్ స్వరకర్త షూమన్ 1830లలో ‘కార్నవాల్’, ‘కిండర్‌త్సేనెన్’, ‘క్రైస్లెరియానా’ వంటి రచనలతో నిలబెట్టిన పియానో మాలిక ఈ రెండో కోవకు చెందినది. రెండు నిమిషాల చిన్న రచన తనంతట తాను గొప్పగా ఉండనక్కరలేదు. అంతకుముందు ఏది మోగిందో, ఆ తరువాత ఏది రాబోతోందో వాటి మధ్య అది చేసే పనిని బట్టి దాని విలువ తేలుతుంది.

మరుగున పడడానికి కారణాలు చాలావరకు సంగీతానికి బయటివే. పంతొమ్మిదో శతాబ్దపు ప్రచురణకర్తలకు చిన్న పియానో రచనలు బాగా అమ్ముడుపోయే సరుకు. ఇంటింటా పియానో ఉన్న జర్మన్, చెక్ మధ్యతరగతి కుటుంబాలు వాటిని కొని సాయంత్రాలు వాయించుకునేవి. డ్వొర్జాక్ ప్రచురణకర్త, బెర్లిన్‌కు చెందిన జిమ్రోక్, పెద్ద రచనల కంటే ఇలాంటి వాటినే ఎక్కువగా కోరేవాడు. ఎనిమిదవ సింఫనీకి ఆయన ఇవ్వజూపిన 1000 మార్కులను తక్కువని తిరస్కరించి డ్వొర్జాక్ ఆ సింఫనీని లండన్‌లోని నొవెల్లో సంస్థకు ఇచ్చేయడం అందరికీ తెలిసిన సంగతే. ఇంటి కోసం అచ్చయిన పుస్తకంలోని పదమూడు రచనలను ఒకే బిగిన, గంటకు కాస్త తక్కువ సేపు, వాయించగల గృహిణి గానీ విద్యార్థి గానీ అరుదు, వాటిలో కొన్ని చాలా కష్టమైనవి కూడా. మరోవైపు కచేరీ పియానిస్టుకు అదే రచన ముగింపులో చప్పట్లు రప్పించే ఉధృతి లేనిదిగా, మరీ అంతరంగికమైనదిగా కనిపించింది. అటు ఇంటికి పెద్దదై, ఇటు సభకు చిన్నదై, ఈ మాలికలు మధ్యలో ఉండిపోయాయి. ఒక గదిలో కూర్చుని గంటసేపు ఒకరే వినగల రికార్డింగు అనే సాధనం వీటికి సరైన చోటు కల్పించిందని నేను గట్టిగా నమ్ముతాను.

డ్వొర్జాక్ విషయంలో మరో అడ్డంకి ఆయనకున్న పేరు. ఆయన యువకుడిగా ప్రాగ్‌లోని ప్రొవిజనల్ థియేటర్ వాద్యబృందంలో వయోలా వాయించినవాడు, పియానోలో ఘనాపాఠీ కాదు. అందువల్ల ఆయన పియానో రచన వేళ్లకు ఒదగదనే అభిప్రాయం స్థిరపడిపోయింది. 1876 నాటి పియానో కన్చెర్టోను (పియానోకూ వాద్యబృందానికీ కలిపి రాసిన రచనను) చాలాకాలం చెక్ పియానిస్టు విలెమ్ కుర్ట్స్ సవరించిన రూపంలోనే వాయించేవారు, 1976లో పియానిస్టు రిక్తర్, వాద్యబృంద సంచాలకుడు కార్లోస్ క్లైబర్‌తో కలిసి మూలరూపాన్ని రికార్డు చేసిన తరువాతనే దానికి తగిన గౌరవం వచ్చింది. ఇక 1894 నాటి ‘హ్యూమరెస్క్’లనే చిన్న పియానో రచనలలో ఏడవది ఎంత ప్రసిద్ధమైందంటే, డ్వొర్జాక్ పియానో రచనలు అనగానే జనానికి ఆ ఒక్కటే గుర్తొచ్చి మిగిలినవి దాని నీడలో పడిపోయాయి.

ఇప్పుడు ఓపస్ 85 దగ్గరకు వద్దాం. దీని చెక్ పేరు ‘పొయెటిత్స్కే నాలడి’, అంటే కవితాత్మక మనఃస్థితులు అని చెప్పుకోవచ్చు. 1889 వసంతంలో, ఎనిమిదవ సింఫనీకి కొద్ది నెలల ముందు, డ్వొర్జాక్ దీన్ని రాశాడు. ప్రతి రచనకూ ఒక పేరు ఉంటుందనీ, అది ఏదో ఒకదాన్ని వ్యక్తం చేస్తుందనీ, ఆ అర్థంలో ఇది కథాసంగీతమే అయినా షూమన్ పద్ధతిలోనిదనీ ఆయన ఒక లేఖలో వివరించాడు. పదమూడు అశుభ సంఖ్య అయినప్పటికీ తన ‘మొరావియన్ యుగళాలు’ కూడా పదమూడేననీ, అవి లోకమంతా తిరిగి వచ్చాయనీ ధైర్యం చెప్పుకున్నాడు. ఆ యుగళాలే స్వరకర్త బ్రామ్స్ సిఫారసుతో ఆయనను జిమ్రోక్‌కు పరిచయం చేసినవి కనుక ఆ మాటలో నిజమైన ఆశ ఉంది.

మాలిక రాత్రి నడకతో, బి మేజర్‌లో మొదలవుతుంది. ఆ తరువాత చిన్న వినోదం, పాత కోట దగ్గర ఒక నిశ్చలమైన దృశ్యం, వసంతగీతం, రైతుల గాథ, విషాదంతో కూడిన తలపోత, ఫూరియంట్ నృత్యం, మరుగుజ్జు దయ్యాల ఆట, సెరెనేడ్, ఉన్మత్తమైన పండుగ, పిచ్చాపాటీ, వీరుడి సమాధి దగ్గర, చివరగా పవిత్ర పర్వతం మీద, ఈ వరుసలో సాగుతుంది. పేర్లు చదివితే బొమ్మల పుస్తకంలా అనిపించవచ్చు గాని వరుసగా విన్నప్పుడు ఒక మలుపు స్పష్టంగా తెలుస్తుంది. మొదటి ఆరు రచనలు ఎక్కువగా ఒంటరి మనిషి చూపులు, తలపులు. ఏడవదైన ఫూరియంట్‌తో ఊరు, జనం, ఆట లోపలికి వస్తాయి. పదకొండవ చోట పిచ్చాపాటీతో సందడి మెల్లగా సద్దుమణిగాక, చివరి రెండు రచనలు ఒక్కసారిగా మృత్యువు వైపుకూ, ఆపైన ప్రార్థన వైపుకూ తిరుగుతాయి. పన్నెండవ రచన భారమైన శోకయాత్ర, అక్కడ డ్వొర్జాక్ పియానోను దాదాపు వాద్యబృందంలా వాడతాడు. దాని తరువాత డి ఫ్లాట్ మేజర్‌లో పదమూడవది నిశ్శబ్దంలోంచి గంటల మోతతో, విరిచి పలికించిన కార్డ్‌లతో (కలిసి మోగే స్వరాల గుంపులతో) మొదలైనప్పుడు కలిగే ఉపశమనం, ఆ రచనను విడిగా వింటే ఎంతమాత్రం కలగదు. మీరు విడివిడిగా విన్నవాటిలో ఇది కూడా ఉంటే అది మీకు మామూలుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఆ పవిత్ర పర్వతం ఊహ కాదు. ప్ర్జిబ్రామ్ పట్టణం పైన ఉన్న స్వతా హోరా అనే మేరీమాత యాత్రాస్థలం అది. డ్వొర్జాక్ వేసవి ఇల్లు ఆ దగ్గరలోని విసొకా గ్రామంలో ఉండేది. మెట్లెక్కి కొండమీది గుడికి వెళ్లే అలవాటున్న మన శ్రోతలకు ఆ ముగింపు వేరే వ్యాఖ్యానం లేకుండానే అందుతుందని నా అనుభవం. ఒక విద్యార్థిని దాన్ని మొదటిసారి విని, కింద ఊరి చప్పుడు ఆగిపోయి పైన గంట మాత్రమే వినిపిస్తున్నట్టుందని చెప్పింది. ఆ రచన గురించి నేను అంతకంటే బాగా చెప్పలేను.

ఫూరియంట్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే లయ తెలిసిన మన చెవికి అది ప్రత్యేకంగా ఆనందాన్నిస్తుంది. ఈ చెక్ నృత్యం మూడు మాత్రల నడకలో ఉంటుంది. అయితే రెండు బార్‌లను (తాళ ఆవర్తాలను) కలిపి, ఆ ఆరు మాత్రలను మూడేసి మాత్రల రెండు భాగాలుగా కాక రెండేసి మాత్రల మూడు భాగాలుగా విరుస్తుంది. తాళం మారకుండానే నడక మారినట్టు వినిపించే ఈ విరుపు మృదంగం విన్నవారికి కొత్త కాదు. చేతితో మూడు మాత్రలు లెక్కపెడుతూ వినండి, మీ చేతికీ పియానోకూ మధ్య ఆ లాగుడు ఎక్కడ మొదలై ఎక్కడ తీరుతుందో తెలుస్తుంది. వేగంగా వాయించడమే లక్ష్యమైన పియానిస్టుల దగ్గర ఈ విరుపు మసకబారుతుంది.

ఆన్‌స్నెస్ ప్రత్యేకత ఇక్కడే తెలుస్తుంది. ఆయన నార్వే పశ్చిమతీరంలో, బెర్గెన్‌లో స్థిరపడిన చెక్ గురువు యిర్జీ హ్లింకా దగ్గర నేర్చుకున్నారు కనుక ఈ సంగీతం ఆయనకు పరాయి భాష కాదు. దీన్ని పంతొమ్మిదవ శతాబ్దంలో మరుగున పడిన గొప్ప పియానో మాలికగా ఆయన భావిస్తారు. ఆయన వాయింపులో ఎడమచేతి స్పష్టత ముందుగా ఆకట్టుకుంటుంది. డ్వొర్జాక్ మధ్యస్వరాలలో దాచిన చిన్న చిన్న పలుకులు, వయోలా వాద్యకారుడు మాత్రమే రాయగలవి, ఆయన దగ్గర వాటంతటవే వినిపిస్తాయి. నాకున్న ఒకే అసంతృప్తి రైతుల గాథ, ఉన్మత్త పండుగ వంటి చోట్ల వాయింపు మరీ నున్నగా సాగడం. అక్కడ మట్టివాసన కావాలనుకునేవారు పియానిస్టు రదొస్లావ్ క్వాపిల్ సుప్రఫోన్ అనే రికార్డు సంస్థ కోసం చేసిన పాత రికార్డింగు వినాలి. ధ్వని ఆన్‌స్నెస్ రికార్డింగంత నిగనిగలాడదు, కానీ నృత్యాలలో కాలు నేలమీద గట్టిగా పడుతుంది. నాక్సోస్ సంస్థకు స్టెఫాన్ వెసెల్కా చేసిన సంపూర్ణ డ్వొర్జాక్ పియానో రికార్డింగులు కూడా నమ్మదగినవే. మొదట వినడానికి మాత్రం ఆన్‌స్నెస్‌నే ఎంచుకోమంటాను, ఎందుకంటే మాలిక మొత్తాన్ని ఒక ప్రయాణంగా నడిపించడం అక్కడ బాగా కుదిరింది.

దీని తరువాత వినవలసినది, నా దృష్టిలో ఈ కోవలో అత్యంత విలువైనది, ఫానీ హెన్సెల్ 1841లో రాసిన ‘దాస్ యార్’, అంటే ‘సంవత్సరం’. ఫెలిక్స్ మెండెల్సన్ అక్కగా మాత్రమే చాలాకాలం ఆమె పేరు వినిపించింది. తమ్ముడు ఆమె పాటలను కొన్నింటిని తన ఓపస్ 8, ఓపస్ 9 సంపుటాలలో తన పేరుతోనే అచ్చువేశాడు. ఆమె తన పేరుతో ఓపస్ 1 ప్రచురించుకోవడం 1846లో జరిగింది, మరుసటి ఏడాది మే నెలలో నలభై ఒకటో ఏట ఆమె మరణించింది. డ్వొర్జాక్ మాలిక అచ్చయి కూడా వినబడలేదు, ఆమెది అచ్చుకే నోచుకోలేదు. 1989లో జర్మనీకి చెందిన ఫ్యూరోరె సంస్థ దాన్ని మొదటిసారి ప్రచురించింది, అంటే రాసిన తరువాత దాదాపు నూటయాభై ఏళ్లకు. ఆ లెక్క తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

1839, 1840 సంవత్సరాల ఇటలీ యాత్ర జ్ఞాపకాల నుంచి పుట్టిన ఈ మాలికలో పన్నెండు నెలలకు పన్నెండు రచనలు, చివర ఒక ఉపసంహారం ఉంటాయి. ఆమె శుద్ధప్రతిని నెలకొక రంగు కాగితం మీద రాసి, ప్రతి నెలకూ గేటె, ఐషెన్‌డోర్ఫ్ వంటి కవుల పంక్తులను పైన రాసింది, చిత్రకారుడైన భర్త విల్హెల్మ్ హెన్సెల్ వాటికి చిన్న బొమ్మలు గీశాడు. 1989 ప్రచురణ అంతకుముందరి చేతిప్రతిని ఆధారం చేసుకున్నది, బొమ్మలున్న ప్రతి నకలుగా అచ్చుకావడానికి 2000 వరకు ఆగవలసివచ్చింది. శుద్ధప్రతిలో జూన్ నెలను ఆమె కొత్తగా రాసింది కనుక రెండు రికార్డింగులలో జూన్ వేర్వేరుగా వినిపిస్తే అయోమయపడకండి.

ఈ మాలిక వినేటప్పుడు మూడు నెలల దగ్గర మనసు పెట్టండి. ఫిబ్రవరి రోములోని కార్నివాల్, వేళ్ల మీద పరుగెత్తే తుళ్లింత. మార్చిలో ఈస్టర్ లూథరన్ కీర్తన ‘క్రీస్ట్ ఇస్ట్ ఎర్‌ష్టాండెన్’ మెల్లగా వెలికివచ్చి చివరకు నిండు కంఠంతో నిలుస్తుంది. డిసెంబరులో మంచు సుడుల మధ్య నుంచి క్రిస్మస్ కీర్తన వినిపిస్తుంది. ఆ తరువాతి ఉపసంహారంలో ‘పాత సంవత్సరం గతించింది’ అనే కీర్తన ఎలాంటి ఆడంబరమూ లేకుండా క్లుప్తంగా వచ్చి మాలిక ముగుస్తుంది. సంవత్సరాంతపు సంబరం తరువాత ఆ మౌనం ఎంత సాహసమైన నిర్ణయమో పన్నెండు నెలలూ వరుసగా విన్నవారికే తెలుస్తుంది. సెప్టెంబరు మాత్రం విడిగా విన్నా నిలబడుతుంది, బి మైనర్‌లో నది ప్రవాహం రెండు చేతుల మధ్య ఆగకుండా సాగుతుండగా పాట మధ్యస్వరాలలో మోగుతుంది. లౌమా స్క్రీదే సోనీకి చేసిన రికార్డింగుతో మొదలుపెట్టమని సలహా. ఫ్యూరోరె ప్రతికి సంపాదకులలో ఒకరైన లియానా షెర్బెస్కు వాయింపు కూడా దొరికితే వినదగినది.

మళ్లీ చెక్ దేశానికి వస్తే, డ్వొర్జాక్ అల్లుడు యోసెఫ్ సుక్ 1907లో రాసిన ‘ఓ మతిన్‌త్సె’, అంటే ‘అమ్మ గురించి’, ఓపస్ 28, అయిదే రచనల చిన్న మాలిక. 1904లో మామగారు, 1905లో ఇరవై ఏడేళ్ల భార్య ఒటిలీ మరణించిన తరువాత, తల్లిని పోగొట్టుకున్న పసివాడి కోసం సుక్ దీన్ని రాశాడు. అమ్మ బాలికగా ఉన్నప్పటి రోజులు, ఒక వసంతం, జబ్బుపడ్డ బిడ్డకు రాత్రివేళ అమ్మ పాడిన పాట, అమ్మ హృదయం, జ్ఞాపకాలు. నాలుగో రచనలో ఒకే స్వరం గుండె చప్పుడులా మొదటినుంచీ కొట్టుకుంటూ ఉంటుంది, ఒటిలీ హృద్రోగి అన్న సంగతి తెలిసి వింటే దాన్ని తట్టుకోవడం కష్టం. నేను ఆ రచనను విద్యార్థులకు వినిపించే ముందు ఈ నేపథ్యం చెప్పాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచిస్తాను, ఎక్కువసార్లు విన్న తరువాతనే చెబుతాను. ఆ పసివాడి కొడుకే తరువాతి కాలంలో ప్రఖ్యాత వయొలినిస్టుగా ఎదిగిన మరో యోసెఫ్ సుక్. హైపీరియన్ సంస్థకు జొనాథన్ ప్లౌరైట్ చేసిన సుక్ రికార్డింగులు ఈ సంగీతంలోకి మంచి ప్రవేశం.

మరో చెక్ స్వరకర్త స్మెతనా ‘కలలు’ గురించి కూడా చెప్పాలి. 1874 శరత్కాలంలో పూర్తిగా చెవుడు వచ్చిన మరుసటి ఏడాదే ఆయన రాసిన ఆరు రచనల మాలిక అది. మొదటిదాని పేరు ‘ఆరిపోయిన ఆనందం’, చివరిది బొహీమియా రైతుల పండుగ. తన చెవికి ఇక అందని పియానో శబ్దాన్ని అంత నిండుగా, అంత మెరుపుతో ఊహించి రాయడం నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది.

మిగిలినవాటిని త్వరగా ముగిస్తాను. షూమన్ ప్రోత్సహించిన థియొడోర్ కిర్ష్‌నర్ (1823–1903) చిన్న రచనల్లోనే జీవితమంతా గడిపాడు. ఆయన ‘నాఖ్ట్‌బిల్డర్’ (రాత్రి చిత్రాలు), ఓపస్ 25, వినదగినదే కాని షూమన్ తెలిసినవారికి ఆ నీడ అడుగడుగునా కనిపిస్తుంది. స్టీఫెన్ హెల్లర్ ఎట్యూడ్‌లు (సాధన కోసం రాసిన రచనలు) మీరు పరీక్షల కోసం వాయించే ఉంటారు, ఆయన పద్దెనిమిది రచనల ‘నిద్రలేని రాత్రులు’, ఓపస్ 82, ఆ పాఠాల వెనక ఎలాంటి స్వరకర్త ఉన్నాడో చూపిస్తుంది. చెక్ స్వరకర్త ఫిబిక్ తన శిష్యురాలి మీది ప్రేమతో దినచర్యలా రాసుకున్న 376 చిన్న రచనల సంపుటి మాత్రం ఒకే మాలికగా వినడానికి తగినది కాదు, ఎంపిక చేసిన భాగాలతో సరిపెట్టుకోవడం మంచిది.

ఇక వాయించడం గురించి. డ్వొర్జాక్ ఓపస్ 85 స్వరలిపి స్వరలిపులు ఉంచే ఐఎంఎస్ఎల్‌పీ సైటులో ఉచితంగా దొరుకుతుంది. మీ స్థాయికి మూడవదైన ‘పాత కోట దగ్గర’తో మొదలుపెట్టండి. అందులో వేగం సమస్య కాదు, కార్డ్‌లను సమంగా పలికించడం, పెడల్‌ను అరగా వదిలి మళ్లీ పట్టడం సాధన చేయవలసి ఉంటుంది. మీ దగ్గర ఉన్నది డిజిటల్ పియానో అయితే దాని పెడల్ అరకదలికను గుర్తిస్తుందో లేదో ముందు చూసుకోండి, గుర్తించకపోతే ఈ రచన మసకగా వినిపిస్తుంది, ఆ తప్పు మీ వేళ్లది అనుకోకండి. ఆ తరువాత సెరెనేడ్‌కు వెళ్లవచ్చు, అక్కడ గిటారు మీటినట్టుండే తోడు స్వరాలు పాట కంటే ఎప్పుడూ తగ్గి ఉండాలి. ఫూరియంట్, ఉన్మత్త పండుగ, వీరుడి సమాధి ఈ మూడింటినీ రెండు మూడేళ్ల పాటు పక్కన పెట్టండి. హెన్సెల్ సెప్టెంబరు మీకు ఇప్పుడు చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉంది, అయితే మొదట ఎడమచేతి బేస్ (కింది స్వరాలు), మధ్యలోని పాట మాత్రమే కొన్ని వారాలు వాయించి, పాట నోటితో పాడగలిగాక ప్రవాహపు స్వరాలను చేర్చండి. డ్వొర్జాక్ పదమూడవ రచన స్వతా హోరాను ఇప్పుడే చదవడం మొదలుపెట్టవచ్చు, దాని కష్టమంతా మెల్లగా, గంట ఆగిన తరువాత మిగిలే ధ్వనిని వింటూ తరువాతి కార్డ్ కోసం వేచి ఉండడంలోనే ఉంది.